ఏఐ కొనకపోతే రెండేళ్లలో వ్యాపారం మూతపడుతుందా? ఆ మెసేజ్‌లో ఒక్కో మాటకీ జవాబు

"ఏఐ వాడని చిన్న వ్యాపారం రెండేళ్లలో మూతపడుతుంది. మీ పోటీదారులందరూ ఇప్పటికే వాడేస్తున్నారు. నెలనెలా చందా కడితే చాలు, ముగ్గురు చేసే పని అదే చేస్తుంది, మీరు పట్టించుకోనక్కర్లేదు." ఈ మెసేజ్ నాకే నాలుగు గ్రూపుల నుంచి వచ్చింది. నేను చిన్న వ్యాపారాలకు లెక్కలు చూస్తాను. ఇది చదివి భయపడి, ఏం కొంటున్నారో సరిగా తెలుసుకోకుండానే ఏడాది చందా ఒకేసారి కట్టేసిన వాళ్లున్నారు. వాళ్లను చూశాక ఊరుకోబుద్ధి కాలేదు.

"అందరూ వాడేస్తున్నారు." లేదు. యూరోపియన్ యూనియన్ గణాంకాల సంస్థ యూరోస్టాట్ లెక్క ప్రకారం 2024లో ఆ యూనియన్ దేశాల్లో కనీసం 10 మంది పనిచేసే సంస్థల్లో ఏఐ వాడినవి 13.5 శాతం. విడదీసి చూస్తే పెద్ద సంస్థల్లో 41, మధ్య తరహా వాటిలో 21, చిన్నవాటిలో 11 శాతం. మరుసటి ఏడాదికి మొత్తం 20 శాతానికి చేరింది, అంటే వాడకం గట్టిగానే పెరుగుతోంది, దాన్ని నేను కాదనను. కానీ అయిదింట నాలుగు సంస్థలు అప్పటికి మొదలే పెట్టనప్పుడు 'అందరూ' అనడం అబద్ధం. పైగా 10 మంది కూడా లేని వ్యాపారాలు ఆ లెక్కలోకే రావు.

"ముగ్గురు చేసే పని అదే చేస్తుంది." ఈ మాటకు వాయిదాల మీద కొనుక్కునే సదుపాయం ఇచ్చే స్వీడన్ కంపెనీ క్లార్నాను ఉదాహరణగా చూపిస్తారు. తమ ఏఐ అసిస్టెంట్ 700 మంది కస్టమర్ సర్వీస్ ఏజెంట్ల పని చేస్తోందని ఆ కంపెనీ 2024లో చెప్పిన మాట నిజం. 2025లో నాణ్యత తగ్గిందని ఒప్పుకుని, కస్టమర్లతో మాట్లాడటానికి మళ్లీ మనుషుల్ని తీసుకోవడం మొదలుపెట్టిన సంగతి మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయరు. అంత పెద్ద కంపెనీ కాబట్టి తట్టుకుంది. ఉన్న నలుగురిలో ఇద్దర్ని పంపేసిన చిన్న యజమానికి ఆ ఇద్దరూ మళ్లీ దొరుకుతారా?

అసలు చెప్పాల్సిన సంగతి వేరే ఉంది. 5 వేల మందికి పైగా కస్టమర్ సపోర్ట్ ఉద్యోగుల మీద చేసిన పరిశీలన ఒకటి 2023లో వచ్చింది. ఏఐ సాయంతో ఒక్కొక్కరు గంటలో పరిష్కరించే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి, కొత్తవాళ్లకైతే 34 శాతం, బాగా అనుభవం ఉన్నవాళ్లకు పెద్దగా తేడా లేదు. ఎందుకంటే ఆ ఏఐ నేర్చుకున్నదే అనుభవజ్ఞులు కస్టమర్లతో నడిపిన సంభాషణల నుంచి, వాళ్ల మెలకువల్నే కొత్తవాళ్లకు అందించింది. చిన్న వ్యాపారంలో ఆ మెలకువలు ఎక్కడుంటాయి? పాతవాళ్ల బుర్రల్లో. వాళ్లను పంపేస్తే ఏఐకి నేర్పేదెవరు?

"మీరు పట్టించుకోనక్కర్లేదు." అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఇదే. ఎయిర్ కెనడా చాట్‌బాట్ ఒక ప్రయాణికుడికి టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. చాట్‌బాట్ మాటలకు తమ బాధ్యత లేదన్నట్టు కంపెనీ వాదిస్తే, 2024 ఫిబ్రవరిలో ట్రిబ్యునల్ ఒప్పుకోలేదు, పరిహారం కట్టించింది. మీ దుకాణం పేరుతో అది ఏం చెప్పినా మీరు చెప్పినట్టే.

నా అనుభవం ఒకటి చెప్తాను. సరఫరాదారుల బిల్లుల ఫొటోలు ఏఐకి ఇచ్చి ఎక్సెల్ షీట్‌లోకి ఎక్కించే పని ఒకచోట మొదలుపెట్టాం. రెండు వారాలు హాయిగా నడిచింది. తర్వాత చూస్తే షీట్‌లో ఉన్నంత సరుకు గోడౌన్‌లో లేదు. దొంగతనమేమోనని అందరికీ టెన్షన్. గోడౌన్ చూసే పెద్దాయన బిల్లులు ఒక్కొక్కటీ తిరగేసి, ఒక బిల్లు మీద వేలుపెట్టి, "ఈయన పెట్టెలో వచ్చేది పదే కదండీ, పన్నెండు కాదు" అన్నారు. బిల్లు మీద 'పెట్టె' అని మాత్రమే ఉంది. పెట్టె అంటే పన్నెండు అని మిగతావాళ్ల బిల్లుల కోసం మేమే రాసిచ్చాం, అది అందరికీ అదే వేసుకుంటూ పోయింది. 03/04 అన్న తేదీని ఒకసారి మార్చి 4గా, ఒకసారి ఏప్రిల్ 3గా తీసుకుందని కూడా అప్పుడే బయటపడింది. ఆయన చెబుతుంటే ఎవరి పెట్టెలో ఎన్నో ఒక కాగితం మీద రాసుకుని, దాన్నీ ఏఐకి ఇచ్చాం. ఇప్పుడు పూట పట్టే పని గంటలో అవుతోంది, ఆయన సరిచూసే టైమ్‌తో కలిపి.

ఇక "రెండేళ్లలో మూత." కొత్త టెక్నాలజీ రాగానే అంతా మారిపోదు. ఫ్యాక్టరీలకు కరెంటు 1880లలోనే వచ్చింది, కానీ ఉత్పాదకత బాగా పెరిగింది 1920లలో, ఒక్కో యంత్రానికి ఒక్కో మోటార్ పెట్టి షెడ్డు అమరికే మార్చుకున్నాక. రెండేళ్లని గడువు పెట్టేవాళ్లు దేన్ని బట్టి పెడుతున్నారో ఆ మెసేజ్‌లో ఎక్కడా లేదు.

నన్ను అడిగేవాళ్లను నేను తిరిగి అడిగేది ఒక్కటే: రాత్రి షాపు మూశాక కూడా మిమ్మల్ని కూర్చోబెట్టే పని ఏది? ఆ ఒక్కదానికి నెల రోజులు వాడి చూడండి, ఏడాది చందా కట్టకండి, కస్టమర్ల ఫోన్ నంబర్లు అందులో పెట్టకండి. ఆ పని బాగా తెలిసిన మనిషిని పక్కనే కూర్చోబెట్టుకోండి.