మూడో అంతస్తు ఇసుక బకెట్ గారికి

గౌరవనీయులైన బకెట్ గారికి,

నమస్కారం. నేను ఈ సైట్‌లో సివిల్ ఇంజనీర్ని. తెల్ల హెల్మెట్, చంకలో డ్రాయింగుల చుట్ట, చెవి దగ్గర ఫోను, ఆ శాల్తీని నేనే. రోజుకి ఇరవైసార్లు మీ ముందు నుంచే మెట్లెక్కుతాను గానీ ఏడాదిన్నరగా మీకేసి ఒక్కసారి కూడా తిన్నగా చూసిన పాపాన పోలేదు. మొన్న బుధవారం మధ్యాహ్నం మొదటిసారి మీతో పని పడింది. ఆ పని ఎలా ముగిసిందో మీకూ తెలుసు, నా ఎడమ కాలి బొటనవేలికీ తెలుసు.

అసలు మీ వంశం గొప్పది, నిప్పార్పే ఇసుక బకెట్ల వంశం. అడుగు బల్లపరుపుగా ఉంటే ఎవడో ఒకడు నీళ్లకో, సిమెంటు మాలు మోయడానికో పట్టుకుపోతాడని, కింద పెడితే దొర్లిపోయేలా గుండ్రటి అడుగుతో పుట్టించారు మిమ్మల్ని. కొక్కేనికి వేలాడటం తప్ప ఇంకెందుకూ పనికిరాకూడదన్నది పెద్దల ఉద్దేశం. తొమ్మిది లీటర్ల మీ శరీరానికి దేశంలో విడిగా ఒక ప్రమాణమే ఉంది, ఐఎస్ 2546 అని. ఇంత ఆలోచించిన ఆ పెద్దలు మన మేస్త్రీలని మాత్రం తక్కువ అంచనా వేశారు. గుండ్రటి అడుగైతే ఏంటట, రెండు ఇటుకలు ఎడంగా పెట్టి మధ్యలో కూర్చోబెడితే సరి! మీ నలుగురు అన్నదమ్ముల్లో ఒకరు ఇప్పుడు ఐదో అంతస్తులో టైల్స్ మేస్త్రీ దగ్గర వైట్ సిమెంట్ కలుపుతున్నారు, ఇంకొకరు ఏ ఊళ్లో ఉన్నారో తెలీదు. మీ పక్కాయన ఉన్నారు గానీ, ఆయన మీద ఇంగ్లీషులో ‘ఫైర్’ అని రాయమంటే పెయింటర్ ‘ఫెయిర్’ అని రాశాడు. న్యాయంగానే ఉంది కదా అని ఎవరం దిద్దలేదు.

సరే, బుధవారం సంగతికి వస్తాను.

ఏడో అంతస్తులో లిఫ్ట్ షాఫ్ట్ పక్కన గ్యాస్ కటింగ్ జరుగుతోంది. దానికి హాట్ వర్క్ పర్మిట్, అంటే రవ్వలు రేగే పనికిచ్చే అనుమతి కాగితం, ఉందా అంటే బ్రహ్మాండంగా ఉంది, సంతకం నాదే. సోమవారం పొద్దున్నే వారానికి సరిపడా ఆరు పర్మిట్ల మీద ఒకేసారి గీకి పడేశాను. నిప్పురవ్వలు పడేచోట మండే సామాను తీసేశారా, టిక్. పక్కన ఒక మనిషిని కాపలా పెట్టారా, టిక్. పని అయ్యాక అరగంట పాటు అక్కడే ఉండి ఎక్కడా పొగ రావట్లేదని చూశారా, దానికీ టిక్, శనివారం దాకా. చుట్టూ 35 అడుగుల లోపల మండే సరుకు ఉండకూడదని అమెరికా వాళ్ల ప్రమాణాల్లో ఉంటుంది. మాకు అడ్డంగా 35 అడుగులు చూడటం వచ్చు, కిందికి చూడటం రాదు. రవ్వలేమో షాఫ్ట్‌లోంచి తిన్నగా కిందికి దిగి, మూడో అంతస్తు తలుపు సందులో, శానిటరీ సామాను అట్టపెట్టెలూ థర్మకోల్ ముక్కలూ కుప్పగా పోసి ఉన్న దగ్గర, హాయిగా కూర్చున్నాయి. అది భోజనాల వేళ. పొగ చూసింది నేనొక్కడినే.

నిప్పార్పే సిలిండర్లు మనకి రెండున్నాయి. అవెక్కడున్నాయి? స్టోర్‌లో, తాళం లోపల. బయట పెడితే ఇత్తడి ముక్కలు విప్పుకుపోయి పాతసామాను కొట్లో అమ్ముకుంటున్నారని మీటింగులో ఆ సలహా ఇచ్చింది కూడా నేనే. తాళంచెవి స్టోర్ కీపర్ జేబులో ఉంది, స్టోర్ కీపర్ బిర్యానీ సెంటర్‌లో ఉన్నాడు. ఇక దిక్కెవరు? మీరే. పరుగెత్తుకుంటూ వచ్చి మిమ్మల్ని కొక్కెం నుంచి లాగి, మంట మీద బోర్లించాను.

ఏమీ పడలేదు.

మళ్లీ విదిలించాను. మూడు బీడీ ముక్కలు, ఒక గుట్కా ప్యాకెట్టు, నలిగిన టీ కప్పు రాలాయి. మీ ఇసుకలో ఎవరో మిగిలిన మాలు దులిపినట్టున్నారు, దాని మీద రెండు వానాకాలాలు కురిశాయి, మీరు లోపల్లోపల గట్టిపడి చక్కటి కాంక్రీటు అయిపోయారు. (చెప్పకూడదు గానీ, నేను పోయించిన కొన్ని స్లాబుల కంటే మీ సెట్టింగ్ బాగా వచ్చింది.) మూడోసారి గట్టిగా విదిలించేసరికి ఆ ముద్ద మొత్తం ఊడి నా బొటనవేలి మీద పడింది. సేఫ్టీ షూలు కారు డిక్కీలో ఉన్నాయి.

మంట ఆర్పింది ఎవరో తెలుసా? క్యూరింగ్ చేసే, అంటే కొత్త కాంక్రీటుని రోజూ తడిపే, పాలమూరు ఆమె. కాలమ్‌ల చుట్టూ కట్టిన తడి గోనెసంచులు ఉన్నాయి చూడండి, వాటిని చరచరా ఊడబెరికి, “జర జరుగు సారూ” అని నన్ను పక్కకి నెట్టి, మంట మీద ఒకదాని మీద ఒకటి కప్పేసింది. రెండు నిమిషాలు పట్టిందేమో. ఆ రెండు నిమిషాల్లో నాకొచ్చిన ఆలోచన చెప్తే మీరు నవ్వుతారు. అయ్యో, ఆ కాలమ్‌లని తడపాల్సిన ఏడు రోజులు ఇంకా నిండలేదే, అనుకున్నాను.

సాయంత్రం రిపోర్టు రాశాం. “స్వల్ప పొగ. సైట్‌లో అందుబాటులో ఉన్న అగ్నిమాపక సామగ్రితో వెంటనే అదుపు చేయడమైనది.” గోనెసంచి పేరు ఎక్కడా లేదు, ఆమె పేరూ లేదు. రిజిస్టర్‌లో మీ పేరే ఉంది, అభినందనలు.

భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది, 1998లో కేంద్ర నిబంధనలు వచ్చాయి. నిప్పార్పే సామగ్రి ఉండాలి, సరిపడా నీళ్లుండాలి, దాన్ని వాడటం నేర్చిన మనుషులుండాలి అన్నాయి అవి. ఉన్నారు కదా, ఒకళ్లు గోనెలతో నేర్చుకున్నారు. నీళ్ల సంగతంటారా, మెట్ల పక్కన ఎర్ర పైపు కింద నుంచి పైదాకా నిలబడి ఉంది, తడితే ఖణేల్‌మంటుంది, లోపల చుక్క లేదు. దానికి పంపూ ట్యాంకూ కలిపేది ఫైర్ ఎన్‌ఓసీ, అంటే అగ్నిమాపక శాఖ వాళ్ల నిరభ్యంతర పత్రం, తీసుకునే వేళకి. అప్పటిదాకా నిప్పే ఓపిక పట్టాలి.

మీరు ఒంటరివారని బాధపడకండి, మీలాంటి వాళ్లు దేశదేశాల్లో ఉన్నారు. 2010 నవంబరు 15న షాంఘైలో మనుషులు కాపురముంటున్న 28 అంతస్తుల భవనానికి మరమ్మతులు చేస్తుంటే, లైసెన్స్ లేని వెల్డర్ల రవ్వలు పరంజా నెట్‌కి అంటుకుని 58 మంది పోయారు. 2025 నవంబరు 26న హాంకాంగ్‌లోని వాంగ్ ఫుక్ కోర్ట్ అనే ఇళ్ల సముదాయంలోనూ మరమ్మతులే. ఎనిమిది టవర్లలో ఏడు కాలాయి, 150 మందికి పైగా చనిపోయారు. అక్కడ దర్యాప్తు చేసినవాళ్లు చెప్పిందాంట్లో నాకు బాగా తెలిసిన సంగతి ఒకటి కనిపించింది. తనిఖీకి వచ్చేవాళ్ల చేతికందే కింది భాగంలో మంటని తట్టుకునే మంచి నెట్ కట్టి, పైన నాసిరకం నెట్ వదిలేశారట. చదవగానే మన కాంట్రాక్టర్ గుర్తొచ్చాడు, ఆ వెంటనే నేనూ గుర్తొచ్చాను. మన టవర్‌కి కట్టిన ఆకుపచ్చ నెట్ ఏ రకమో ఇంతవరకూ నేను అడగలేదు. రేటు అడిగాను.

స్విచ్ బోర్డు దగ్గర ఇంకో విచిత్రం ఉంది. గ్రైండర్ వైరుకి ప్లగ్ ఉండదు, రెండు కొసలూ ఒలిచి సాకెట్‌లో దూర్చి, ఊడకుండా అగ్గిపుల్ల దోపుతారు. నిప్పుకి ఇంతకంటే మర్యాదగా పిలుపు ఎవరు పంపుతారండీ? వారానికోసారి ఆ పుల్లలు పీకేస్తాను, సాయంత్రానికి కొత్తవి మొలుస్తాయి. ప్లగ్గులు కొనమని రాసిన ఇండెంట్ మీద “అత్యవసరం కాదు” అని రాసి తిప్పి పంపారు.

ఇవన్నీ నవ్వుతూ రాస్తున్నాను గానీ, సైట్ వెనకాల రేకుల షెడ్ల సంగతి వచ్చేసరికి నవ్వు రావట్లేదు. బీహారు, ఒడిశా కుర్రాళ్లు గదికి ఎనిమిది మంది పడుకుంటారు. తలల దగ్గరే చిన్న గ్యాస్ సిలిండరు, పైన బట్టల తాడుతో పాటు కరెంటు వైరు, వరస చివర ఒకటే దారి. ఆ దారికి అడ్డంగా షట్టరింగ్ ప్లైవుడ్ పేర్చి ఉంది. మన సికింద్రాబాద్ బోయిగూడలోనే, 2022 మార్చి 23 తెల్లవారుజామున, తుక్కు గోదాము పైన పడుకున్న 11 మంది బీహారు కూలీలు కిందికి దిగే దారిలేక చనిపోయారు. షెడ్ల దగ్గర మీలాంటి బకెట్ ఒక్కటీ లేదు. ఇన్‌స్పెక్షన్ వాళ్లు అటు రారు కదా. నిన్న సాయంత్రం కుర్రాళ్లతో ఆ ప్లైవుడ్ తీయించి గేటు దగ్గర పెట్టించాను. పొద్దున వచ్చి చూస్తే, లారీకి అడ్డమని ఎవరో మళ్లీ అక్కడే పేర్చారు. మళ్లీ తీయించాను, రేపు పొద్దున కూడా చూస్తాను.

ఇంతకీ ఈ ఉత్తరం ఎందుకంటే, రేపు పదిన్నరకి ఇన్‌స్పెక్షన్. మీ పొట్టలోంచి ఊడిన ఆ ముద్ద వాచ్‌మన్‌కి కూర్చోడానికి బాగా కుదిరింది, కాబట్టి దాన్ని అడగొద్దు. మీలో కొత్త ఇసుక పోయించమంటే, ప్లాస్టరింగ్‌కే సరిపోవట్లేదు, ఇన్‌స్పెక్షన్ అయ్యాక చూద్దాం అన్నారు. రంగు మాత్రం ఇవాళ రాత్రికే వేస్తున్నారు. పొద్దుటికి ఆరుతుందో లేదో అని మీ మెడలో చిన్న అట్టముక్క కూడా కట్టిస్తున్నాం, ఏమనుకోకండి. “తడి పెయింట్, ముట్టుకోరాదు” అని.

ఇట్లు,
కుంటుకుంటూ మీ ముందు నుంచి మెట్లెక్కే
సైట్ ఇంజనీరు