మా దగ్గర మంచిగనే నడిచింది

రాత్రి పదకొండున్నర నుంచి రెండింటి దాకా కూర్చున్నాను. దేనికంటే, కంటికి కనిపించని ఒక్క అక్షరానికి! హైదరాబాద్ నుంచి సారు పది లైన్ల స్క్రిప్ట్ (కంప్యూటర్‌కు వరుసగా పనులు చెప్పే ఫైలు) పంపాడు, "సర్వర్‌ల వేసి రన్ చెయ్యి తమ్ముడూ, రెండు నిమిషాల పని" అని. రన్ చేస్తే 'నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ' అంటుంది. అరే, ఫైలు నా కండ్ల ముందే ఉంది కదా. పర్మిషన్లు చూశాను, పాత్ మార్చాను, సారుకు ఫోన్ చేస్తే "వరంగల్‌ల నెట్ స్లో ఉందా?" అన్నాడు. నెట్టట! ఒంటిగంటన్నరకు, దాగున్న గుర్తులను కూడా చూపించే క్యాట్ మైనస్ ఏ కమాండ్ కొడితే బయటపడింది, ప్రతి లైను చివర గొడుగు గుర్తు, దాని పక్కన ఎం. సారు విండోస్‌లో నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేశాడన్నమాట.

విండోస్ లైను చివర సీఆర్ (క్యారేజీ రిటర్న్), ఎల్ఎఫ్ (లైన్ ఫీడ్) అని కనిపించని గుర్తులు రెండు పెడుతుంది, వాటి కోడ్ నంబర్లు 13, 10. నాకు కనిపించిన ఆ గొడుగు ఎం అంటే సీఆరే. మా సర్వర్‌ను నడిపే లినక్స్‌కు ఆ 10 ఒక్కటే చాలు. స్క్రిప్ట్ మొదటి లైనులో దాన్ని నడిపే ప్రోగ్రాం పేరు బ్యాష్ అని ఉంటుంది, దానికి 13 అతుక్కుంటే, అదీ పేరులో భాగమే అనుకుని వెతికి, లేదు పొమ్మంటుంది. పాత మ్యాక్‌లకైతే 13 ఒక్కటే, మ్యాక్ ఓఎస్ టెన్ వచ్చాకే వాళ్లూ దారికొచ్చారు. హన్మకొండలో టైపు నేర్చుకున్నోళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. లైను చివరికి రాగానే టింగుమని గంట, లివర్ పట్టి కుడికి నెడితే క్యారేజీ మొదటికొస్తుంది, కాగితం ఒక లైను పైకి జరుగుతుంది. రెండు పనులు కాబట్టి, తీగ మీద వచ్చిన వార్తను టైపు కొట్టే టెలీప్రింటర్లకు రెండు కోడ్‌లు. ఇప్పుడు క్యారేజీ ఏది, గంట ఏది? మిషన్లు పాత ఇనుప సామాన్లకు పోయినా లివర్ మాత్రం మన ఫైళ్లలో బతికే ఉంది. 2018 దాకా నోట్‌ప్యాడ్‌కు ఒట్టి ఎల్ఎఫ్ ఫైలు ఇస్తే అంతా ఒకటే లైనుగా పరిచేది!

సరిచేయడం పెద్ద పనా? డాస్‌టూయునిక్స్ అనే కమాండ్ కొడితే అయిపోయె. విఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో అయితే కింద కుడి మూలన సీఆర్ఎల్ఎఫ్ అని ఉంటుంది, నొక్కి ఎల్ఎఫ్ చేసి సేవ్ కొడితే చాలు. ఇదంతా చెప్తే సారు జవాబు: "మా దగ్గర మంచిగనే నడిచింది మరి." ఎక్కడ నడిచింది సారూ, తెరిచి చూసుకున్నావంతే!

ఈ మాట వింటే నాకు అక్క పెళ్లి కార్డే యాదికొస్తది. ఏ కంప్యూటర్‌లోనైనా చదువుకోగలిగే యూనికోడ్‌లో టైప్ చేసి, రెండుసార్లు చదివి మరీ ఇచ్చాను. డీటీపీ అతను తన పాత ఫాంట్లలోకి మారిస్తే ఒత్తులు కొన్ని విడిపోయాయి, కొన్ని ఎగిరిపోయాయి. హన్మకొండ హనమకొండ అయింది, అది ఎవరికీ పట్టలేదు, సగం మంది అదే కరెక్టన్నారు. కానీ 'మా అమ్మాయి' కాస్తా 'మా అమాయి' అయింది. ఐదు వందల కార్డులు! అడిగితే "మా సిస్టంల మంచిగనే కనిపించిందన్నా" అని పైసలు పూర్తిగా గుంజుకున్నాడు. మా అమ్మ రెండు రాత్రులు బాల్‌పెన్ పట్టుకుని ఒక్కో కార్డు మీద మ కింద ఒత్తు పెట్టుకుంటూ కూర్చుంది, చివరి వంద కార్డులకు వచ్చేసరికి చెయ్యి వణికి ఒత్తు పక్క లైనులోకి పోయింది.

ఇప్పుడే సారు వాట్సాప్‌లో ఇంకో ఫైలు పంపాడు. పేరు 'ఫైనల్ టూ'.