మహారాజశ్రీ గిటార్ పెట్టె గారి సముఖమునకు

నెల్లూరు,
బుధవారం రాత్రి.

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టడం మర్యాద కాబట్టి పెడుతున్నాను. ఉభయుల్లో మీరు కుశలమే; గిటార్‌ను తగిలిస్తే రకరకాల యాంప్లిఫయర్ల గొంతులు పలికించే ఎలక్ట్రానిక్ పెట్టె కదా, మీకు ఏడాది వారంటీ ఉంది. నాకు అటువంటిదేమీ లేదు.

ఇక కావలి సంగతికి వద్దాం.

ఆదివారం రాత్రి, రిసెప్షన్, ఏడో పాట. నా వేళ్లు తీగల మీద చెమటలు కక్కుతున్నాయి. పెళ్లికూతురి మేనమామ గారు స్టేజీ మెట్లు రెండు ఎక్కి, నా వైపు వంగి, ఎంతో ఆప్యాయంగా అడిగారు: "బాబూ, ఆ గిటార్ వాయించేదా, ఫోటోల కోసమా?"

ఆయన వెటకారం చేసి ఉంటే భరించేవాడిని. నిజంగా తెలుసుకుందామనే అడిగారు. ఫోటోల కోసమైతే వాళ్ల అబ్బాయి ఒక్కసారి మెడలో వేసుకుంటాడట. పాట అయ్యాక ఇచ్చాను కూడా. ఏం చేయమంటారు?

ఆ ఏడో పాట కోసం మనం మూడు వారాలు కష్టపడ్డాం. మనం అంటే నేను. మీరు నీలంగా వెలుగుతూ కూర్చున్నారు. పగలంతా బియ్యం మిల్లులో లెక్కలు రాసి, ఇంటికొచ్చి, పాప నిద్రపోయాక, రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా హెడ్‌ఫోన్లు తగిలించుకుని మీ మీటలు తిప్పాను. చివరికి ఒక రాత్రి టోను, అంటే నేను కోరుకున్న గిటార్ గొంతు, దొరికింది. తీగ మీటితే కింద గుడి గంట ఆగాక మిగిలే మోత, పైన గాజు మీద వెలుగు పడినట్టు ఒక మెరుపు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటావిడను లేపి వినిపించాను. ఆమె ఒక చెవికి పెట్టుకుని, "బాగుంది, పడుకోండి" అంది. మూడు వారాల్లో తెలివైన మాట అదొక్కటే.

ఆ టోనును జాగ్రత్తగా దాచి, దానికి "పెళ్లి 1" అని పేరు పెట్టి, కావలి ఫంక్షన్ హాలుకు తెచ్చాను. తెచ్చానా? అక్కడ మీ నోట్లోంచి వచ్చింది మాత్రం అది కాదు. కింద బురద, పైన గీకుడు, నడుమ శూన్యం.

కారణం ఆలస్యంగా తెలిసింది. 1933లోనే అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు కొలిచి చెప్పారట. శబ్దం చిన్నగా ఉన్నప్పుడు మన చెవికి కింది స్వరాలూ, బాగా పై స్వరాలూ తక్కువగా ఆనతాయి. గట్టిగా పెడితే ఆ రెండూ మళ్లీ పైకి లేస్తాయి. నేను రాత్రిపూట చిన్నగా వింటూ, లోటుగా ఉంది కదా అని బాస్ పెంచాను, ట్రెబుల్ పెంచాను, నడుమ ఉన్న మిడ్ అడ్డం వస్తోందని తవ్వి పారేశాను. ఫంక్షన్ హాల్లో గట్టిగా పెట్టేసరికి, రాత్రి చెవి ఎగ్గొట్టిన బాకీ అంతా వడ్డీతో సహా వచ్చి పడింది.

పోనీ, హాల్లో నాకు చోటైనా ఉందా? మా కీబోర్డు తమ్ముడి ఎడమ చెయ్యి బాస్ వాయిస్తుంది. కుడి చెయ్యి ముప్పై మంది వయొలిన్ వాళ్ల జీతం మిగులుస్తుంది. ప్యాడ్ల అబ్బాయి నేలను అదరగొడతాడు, తాళాల చప్పుడుతో పైకప్పునూ వదలడు. వీళ్లందరి మధ్య గిటార్‌కు మిగిలేది నడుమ ఒక ఇరుకు సందు. అందులో నిలబడాల్సింది నా మిడ్. దాన్ని నేనే తవ్వి పారేశానని మనవి చేశాను కదా.

బాలు గారిని మావాడని చెప్పుకునే జిల్లా ఇది. ఇక్కడ గాయకుడు ఒక్క గమకం తప్పితే ముందు వరసలోంచి దగ్గు వినిపిస్తుంది. గిటార్ ఆసాంతం వినపడకపోయినా ఎవరూ దగ్గరు.

వీడియో కూడా వచ్చింది. అందులో నా వేళ్లు చక్కగా ఆడుతున్నాయి, కళ్లు మూసుకుని తల ఊపుతున్నాను. వినిపిస్తున్నది కీబోర్డు. మూగనోము పట్టిన మనిషి స్టేజీ ఎక్కినట్టుంది.

మీతో పాటు పెట్టెలో వచ్చిన పుస్తకాన్ని మళ్లీ చదివాను. పిడుగులు పడేటప్పుడు వాడవద్దని ఉంది. నీళ్ల దగ్గర పెట్టవద్దని ఉంది. పసిపిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడమని ఉంది. రాత్రి ఒంటిగంటకు నీ చెవిని నమ్మవద్దని ఎక్కడా లేదు.

సాయంత్రం మైకులు సరిచూసుకునేటప్పుడు మీరు చేసిన మర్యాద వేరే. అంతకు ముందు వారం మిమ్మల్ని నా పాత యాంప్లిఫయర్‌కు తగిలించి చూసుకున్నాను. దానికి సొంత స్పీకర్ ఉంది కాబట్టి గిటార్ స్పీకర్ గొంతును అనుకరించే మీలోని నకలు స్పీకరును ఆపేశాను. రెండూ కలిస్తే దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది. కావలిలో మిమ్మల్ని నేరుగా మైకుసెట్టు మిక్సర్‌కు కలుపుతూ, దాన్ని మళ్లీ వేయాలన్న సంగతి మరచిపోయాను. అసలు గిటార్ స్పీకర్ ఐదారు వేల హెర్ట్జ్ దాటితే చేతులెత్తేస్తుంది. ఆ చేతకానితనమే గిటార్‌కు అందం. అది లేకుండా డిస్టార్షన్, అదే గిటార్ గరగర, తిన్నగా హాలు స్పీకర్లలోకి పోయింది. వంటవాళ్లు కూడా బయటికి వచ్చి చూశారు.

మైకుసెట్టు భాయ్ ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడు. చెవి మీద చెయ్యి పెట్టుకుని, "తమ్ముడూ, కందిరీగల తుట్టె తెచ్చావా?" అన్నాడు.

మరచిపోవడం నా తప్పే. ఆ మీటను ఏడు తెరల వెనక, అగ్గిపెట్టెంత అద్దంలో, చీమతలకాయంత అక్షరాల్లో దాచిపెట్టడం ఎవరి తప్పు?

మీ వంశం చిన్నదేమీ కాదు. 1998లో మీ పెద్దాయన, పాడ్ అనే పెట్టె, ఎర్రటి రాజ్మా గింజ ఆకారంలో పుట్టాడు. 2011లో మీ జర్మనీ బంధువు కెంపర్ వచ్చి, అసలు యాంప్లిఫయర్ ముందు మైకు పెట్టించి, దాని గొంతును అచ్చుగుద్దినట్టు దించుకోవడం మొదలుపెట్టాడు. ముప్పై కిలోల వాల్వు యాంప్లిఫయర్లు మోసే నడుములకు ఇక విముక్తి అని అందరూ అన్నారు. నా నడుమూ నమ్మింది. కొనే రోజు దుకాణంలో మీరు వినిపించిన ప్రీసెట్లు, అంటే మీలో ముందే నింపి పెట్టిన టోనులు, మిల్లుకు వచ్చే దళారి చేతిలోని మచ్చు బియ్యం లాంటివని తెలియాల్సింది నాలాంటివాడికే కదా. గుప్పెడు మచ్చు ముత్యాల్లా ఉంటుంది, బస్తా విప్పితే కదా నూకలు బయటపడేది. రివెర్బ్ అనే మోత పోసి, డిలే అనే ప్రతిధ్వని చల్లి, ఒక్క గిటార్ వాయిస్తే సముద్రం ఒడ్డున దేవకన్యలు దిగినట్టు చేశారు. బృందంలో కలిస్తే ఆ సముద్రంలో మునిగేది గిటారే.

మీలో ఉన్న యాంప్లిఫయర్ల పేర్లు మరో ముచ్చట. ఫెండర్‌ను ఫెండర్ అనరు, మార్షల్‌ను మార్షల్ అనరు. ట్రేడ్‌మార్కు భయం. ఒకదాని పేరు బ్రిటిష్ పాతది, ఇంకొకటి అమెరికా తీయనిది. భూములకు బినామీలుంటారని తెలుసు, శబ్దాలకు కూడా ఉంటారని మీ దగ్గరే నేర్చుకున్నాను.

చేపల పులుసు మరుసటి రోజుకు రుచి తేరుతుంది. మీ టోను మరుసటి పొద్దుటికి పాచిపోతుంది. రాత్రి అమృతం, పొద్దున కషాయం. రెండు గంటలు విన్నాక చెవి అలిసిపోయి దేనికైనా తల ఊపుతుందని ఇప్పుడంటున్నారు అందరూ. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, చదువు రొట్టె పట్టుకుంటారు. ఈసారి రొట్టెల పండుగకు టోను రొట్టె ఎవరైనా తెస్తారేమో చూడాలి.

ఇక మీరు అనడం నా వల్ల కాదు. ఇంతసేపు అన్నదే ఎక్కువ.

ఎందుకు నీకు రెండు వందల యాంప్లిఫయర్లు? ఎవరడిగారు? ఒక్కో యాంప్లిఫయర్‌కు ముప్పై స్పీకర్ పెట్టెలు, ఒక్కో పెట్టె ముందు పది రకాల మైకులు, ఆ మైకు అంగుళం పక్కకు జరిగితే మరో శబ్దం. నేను పెళ్లిళ్లలో వాయించేవాడిని. నాకు నాలుగు పాటలకు సరిపోయే ఒక్క గొంతు కావాలి. దాని కోసం మూడు వారాల నిద్ర ఇచ్చాను, నెలనెలా వాయిదా ఇస్తున్నాను, పాప స్కూలు ఫీజుకు ఒకసారి తడుముకున్నాను. నువ్వు ఇచ్చిందేమిటి? అరవై వేల దారులిచ్చి, అన్నిటి చివరా గోడ కట్టావు. నా వాయింపు బాగాలేదని మేనమామ గారు అని ఉంటే ఇంటికొచ్చి సాధన చేసుకునేవాడిని. ఆయన వాయిస్తున్నావా అని అడిగారు. పదహారేళ్లుగా గిటార్ పట్టుకున్నాను. ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. తగరపు డబ్బాలాంటి ఆ పాత యాంప్లిఫయర్ ఉన్నప్పుడు కూడా.

దానికి తిప్పేవి మూడే మూడు ఉండేవి: వాల్యూమ్, బాస్, ట్రెబుల్. రెండు నిమిషాల్లో సరిచేసుకుని టీ తాగడానికి పోయేవాళ్లం.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ పాతదాన్ని ఉదయగిరి బస్సెక్కిస్తే కండక్టర్ లగేజీ టిక్కెట్టు కొట్టేవాడు. ఒకసారి టీవీ అనుకుని ఎంతకు కొన్నారని అడిగాడు. ఆత్మకూరు బస్టాండులో వానకు తడవకుండా నా చొక్కా విప్పి దాని మీద కప్పాను. బనీనుతో కచేరీకి వెళ్లాను. నిన్ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే కండక్టర్ టిఫిన్ డబ్బా అనుకుంటాడు. పాప నిద్రపోతున్నా వాయించుకోగలిగింది నీ వల్లే. పెళ్లయ్యాక, పాప పుట్టాక, రాత్రిపూట గిటార్ పట్టుకోవడం మానేసిన స్నేహితులు నాకు ముగ్గురున్నారు.

ఈ రోజు అరపూట సెలవు పెట్టి, నిన్ను సంచిలో వేసుకుని స్టోన్‌హౌస్‌పేటలో భాయ్ షెడ్డుకు వెళ్లాను. ఆయనే రమ్మన్నాడు. పెళ్లిలో పెట్టే స్పీకర్ ఒకటి ఎదురుగా నిలబెట్టి, పెళ్లిలో పెట్టేంత గట్టిగా పెట్టాడు. "పెళ్లి 1" వినిపించాను. భాయ్ వక్కపొడి నములుతూ ఏమీ అనలేదు. వేలితో కిందికి అన్నట్టు చూపించాడు.

గరగర పెంచే గెయిన్‌ను ఏడు నుంచి మూడుకు దించాను. వంద హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేశాను. ఆరో తీగను వదిలి మీటితే పలికేది 82 హెర్ట్జ్. దాని మీదే కత్తి పెడుతున్నానని చెయ్యి వణికింది. ఆరు వేల పైన ఉన్నది కూడా పోయింది. రివెర్బ్ ఉందా లేదా అన్నట్టు మిగిల్చాను. తవ్వి పారేసిన మిడ్‌ను తెచ్చి మళ్లీ నడుమ పోశాను. వాయిస్తే రేకుల కప్పు మీద కంకర పోసినట్టుంది. గుడి గంట లేదు, గాజు మెరుపు లేదు. మూడు వారాలు పెంచిన జడను గుండు కొట్టించినట్టనిపించింది.

"ఒంటిగా వినొద్దు" అని భాయ్ తన ఫోనులోంచి మా ఆర్కెస్ట్రా సాధన రికార్డింగును రెండో స్పీకర్‌లో వేశాడు. కీబోర్డు, ప్యాడ్లు, గాయని గారు. దాని మీద వాయించాను.

అంతలో పక్క అంగడి నుంచి టీ తెచ్చిన కుర్రవాడు గ్లాసులు పెడుతూ, నా వైపు తిరిగి కూడా చూడకుండా, "గిటార్ ఎవరిది, బాగుంది" అన్నాడు.

భాయ్ నన్ను చూశాడు. నేను నిన్ను చూశాను. నువ్వెప్పటిలాగే నీలంగా వెలుగుతున్నావు, సిగ్గనేది లేకుండా.

ఆ కొత్తదానికి "పెళ్లి 2" అని పేరు పెట్టి దాచాను. ఇంటికొచ్చాక మళ్లీ ఒకసారి హెడ్‌ఫోన్లలో వినాలనిపించింది. అది బుద్ధి తక్కువ పనే, నాకు తెలుసు. కొంచెం బాస్ పెంచేవాడినేమో కూడా. దేవుడు చల్లగా చూశాడు, నీ అడాప్టర్ షెడ్డులోనే మరచిపోయాను. ఇంట్లో ఉన్న ఇంకో అడాప్టర్ తీసి చూశాను. అదీ తొమ్మిది వోల్టులే, కానీ నీకు సూది మధ్యలో నెగెటివ్ కావాలి, దానికి పాజిటివ్ ఉంది. తగిలిద్దామని ఒక్క క్షణం అనిపించిన మాట దాచను.

కాబట్టి ఈ రాత్రికి చీకట్లోనే ఉండు. నీలం వెలుగు లేకుండా నిన్ను చూడటం కొన్నాక ఇదే మొదటిసారి. పొద్దున మిల్లుకు పోయేటప్పుడు తెస్తాను. శనివారం బుచ్చిరెడ్డిపాళెంలో పెళ్లి, ఆరు గంటలకల్లా స్టేజీ మీద ఉండాలి.

ఇట్లు,
ఇంకా తొమ్మిది వాయిదాలు బాకీ ఉన్న
నీ యజమాని

తా.క.: కావలి మేనమామ గారి అబ్బాయి ఫోటో వాట్సాప్‌లో వచ్చింది. గిటార్ వాడికే బాగా నప్పింది.