రాళ్లు ఏరేవాళ్లను దొంగల్ని చేయొద్దు

వికారాబాద్ సమీపంలోని నస్కల్‌లో లావా పొరల నడుమ చిక్కుకున్న మట్టిని జల్లెడ పడితే బియ్యపు గింజకన్నా చిన్న పళ్లు బయటపడ్డాయి. రాక్షస బల్లుల చివరి దశ అయిన క్రెటేషియస్ యుగంలో మన గడ్డ మీద క్షీరదాలు ఉన్నాయనడానికి దొరికిన తొలి రుజువు అది. 1988లో శాస్త్రవేత్తలు గుంటుపల్లి ప్రసాద్, అశోక్ సాహ్ని ఆ జీవికి ‘డెక్కనోలెస్టెస్ హిస్లోపి’ అని పేరు పెట్టారు. ఆ పేరులో ఉన్న స్టీఫెన్ హిస్లాప్ భూగర్భ శాస్త్రం చదివి ఉద్యోగం చేసిన మనిషి కాదు. 19వ శతాబ్దంలో నాగ్‌పుర్‌లో పనిచేసిన మతబోధకుడు. తీరిక దొరికినప్పుడల్లా చుట్టుపక్కల తిరిగి రాళ్లు, శిలాజాలు ఏరేవాడు. అంతకుముందే, 1828లో జబల్‌పుర్ దగ్గర దేశంలోనే మొదటిసారి రాక్షస బల్లి ఎముకల్ని గుర్తించిన స్లీమన్ కూడా సైనికాధికారే. థగ్గుల్ని అణచివేసినవాడిగా మనం చరిత్ర పాఠాల్లో చదువుకున్న స్లీమన్ ఆయనే.

పాత కథలెందుకు అనుకుంటే కొత్తదీ ఉంది. నర్మదా లోయలో 92 గూళ్లు, 256 రాక్షస బల్లి గుడ్ల వివరాలతో 2023లో ఒక పరిశోధన పత్రం వెలువడింది. దాని రచయితల్లో నస్కల్ పళ్లను వెలుగులోకి తెచ్చిన గుంటుపల్లి ప్రసాద్ ఉన్నారు. ఆయన పక్కనే మధ్యప్రదేశ్‌లోని మనావర్‌కు చెందిన విశాల్ వర్మ పేరూ ఉంది. వర్మ వృత్తిరీత్యా భౌతికశాస్త్రం చెప్పే మాస్టారు. వాగులూ గుట్టలూ ఏళ్ల తరబడి తిరిగి ఆయన పోగుచేసిన సమాచారం లేకపోతే ఆ లోయ గురించి మనకు తెలిసింది ఇంకా తక్కువే ఉండేది.

ఇలాంటివాళ్లకు మన చట్టాల్లో చోటెక్కడుంది? 1927 నాటి భారత అటవీ చట్టం అడవిలోని రాయిని సైతం అటవీ ఉత్పత్తిగానే లెక్కగడుతుంది. అంటే రిజర్వు ఫారెస్టులో పిల్లవాడు ఒక పలుగురాయి జేబులో వేసుకున్నా కాగితం మీద నేరమే. ఇక కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో భూవారసత్వ (భూమి చరిత్రను చెప్పే) ప్రదేశాలు, అవశేషాల పరిరక్షణకంటూ ఒక ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయం కోసం పెట్టింది. స్థలాల్లోకి ప్రవేశించి తనిఖీ చేసే, శిలాజాల్ని స్వాధీనం చేసుకునే అధికారాల్ని భారత భూగర్భ సర్వే సంస్థ చేతికి అప్పగించింది. ఉల్లంఘిస్తే ఆరు నెలల దాకా జైలు, 5 లక్షల రూపాయల దాకా జరిమానా అంది. పెత్తనమంతా ఒకే సంస్థకు ఇవ్వడమేమిటని పరిశోధకులే ఆందోళన చెందారు. విశ్వవిద్యాలయాల్లో పనిచేసేవారికే ఇంత టెన్షన్ ఉంటే ఏ సంస్థా వెనక లేని ఔత్సాహికుల మాట చెప్పేదేముంది!

పరిరక్షణ చట్టం కావాలి. అందులో మాకు రెండో మాట లేదు. తిరుమల శిలాతోరణం, మంగంపేట ముగ్గురాయి, భీమిలి ఎర్రమట్టి దిబ్బలు జాతీయ భూవారసత్వ జాబితాలో ఉన్నా ఆ గుర్తింపుకు తగ్గ రక్షణ దక్కడం లేదు. ఎర్రమట్టి దిబ్బల దగ్గర 2024లో యంత్రాలు పెట్టి నేల చదును చేస్తుంటే అడ్డుకోమని జనమే గగ్గోలు పెట్టాల్సి వచ్చింది. అక్కడ హాని చేసింది భూతద్దం పట్టుకుని తిరిగే కుర్రాడు కాదు, జేసీబీ. పుణె చుట్టుపక్కల క్వారీల్లో నల్లరాయిని పగలగొడితే లోపలి బొరియల్లో గాజులాంటి లేతాకుపచ్చ అపోఫిలైట్, నీలిరంగు కేవన్‌సైట్ ఖనిజాలు కనిపిస్తాయి. ప్రపంచమంతటా మ్యూజియంలు అపురూపంగా దాచుకునే స్ఫటికాలవి. ఎవరూ చూసి పక్కకు తీయకపోతే క్రషర్‌లో పడి రోడ్డు కంకర అయిపోతాయి. తమిళనాడులోని అరియలూరు సున్నపురాయి గనుల్లోనూ అంతే. కోట్ల ఏళ్ల కిందటి సముద్రంలో బతికిన అమ్మోనైట్ల చుట్టల గవ్వలు సిమెంటు బట్టీలోకి పోతుంటాయి. అక్కడ ఒక విద్యార్థి వంగి ఒక గవ్వ తీసుకుంటే నష్టపోయేది ఎవరు?

దొంగలు లేరని మేము అనడం లేదు. శిలాజాలను కొనేవాళ్లున్నారు, అమ్మేవాళ్లున్నారు. ఒక్క గుడ్డు కోసం గూడు మొత్తాన్ని గునపంతో పెకలించేవాళ్లున్నారు. గూట్లో గుడ్లు ఎలా అమరి ఉన్నాయో చూస్తేనే ఆ జంతువు ఎలా గుడ్లు పెట్టిందో తెలుస్తుంది. పెకలించాక అవి వట్టి గుండ్రాళ్లు. అలాంటివాళ్ల మీద కేసులు పెట్టాల్సిందే, ఇంకా గట్టిగా పెట్టాల్సిందే. కానీ ఆ దొంగకూ, ఆదివారం పిల్లల్ని వెంటేసుకుని వాగులో రాళ్లు ఏరే మాస్టారుకూ తేడా చూపలేని చట్టం ఇద్దరిలో ముందు ఎవరిని పట్టుకుంటుందో వేరే చెప్పాలా? దొంగ రాత్రిపూట వస్తాడు, మాస్టారు పగలే దొరుకుతారు.

ఆ తేడాను చట్టంలోనే రాసుకున్న దేశాలున్నాయి. అమెరికాలో బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ కింద ఉన్న ప్రభుత్వ భూముల్లో సామాన్యులు సొంతానికి రాళ్లు ఏరుకోవచ్చు. శిలగా మారిన చెట్టు ముక్కలైతే రోజుకు 25 పౌండ్లు, అంటే సుమారు 11 కిలోలు, దానికి తోడు ఇంకొక్క ముక్క. ఏడాదికి 250 పౌండ్లు మించకూడదు. 2009 నాటి శిలాజ చట్టం గవ్వలు, ఆకుల వంటి సాధారణ శిలాజాలను మితంగా, చేతి పనిముట్లతో, అమ్మకానికి కాకుండా తీసుకోవడానికి అనుమతి అక్కర్లేదంది. ఎముకలున్న జీవుల శిలాజాలకు మాత్రం పర్మిట్ తప్పనిసరి. నేషనల్ పార్కుల్లో ఏదీ ముట్టుకోకూడదు. ఇంగ్లండ్‌లో పశ్చిమ డోర్సెట్ తీరానిది ఇంకో పద్ధతి. అక్కడ కొండచరియలు విరిగిపడి శిలాజాలు ఒడ్డుకు చేరతాయి. ఎవరూ ఏరకపోతే అలలు అరగదీసేస్తాయి. అందుకే ఏరుకోనిస్తారు, ముఖ్యమైనది దొరికితే నమోదు చేయించమంటారు.

నమోదు ఎంత అవసరమో మన సీమ పొలాలే చెబుతాయి. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు వైపు జనం సద్దిమూటలు కట్టుకుని వస్తారు. నడుము వంచి, వాన కడిగిన మట్టిలో మెరుపు కోసం చాలు చాలూ వెతుకుతారు. వజ్రం దొరికిందా, గుట్టుగా వ్యాపారి చేతికి వెళ్లిపోతుంది. బయటికి పొక్కితే ఏమవుతుందోనన్న భయంతో కూలీ వచ్చిన ధరకే అమ్ముకుంటాడు. అది ఏ చేలో, ఏ మూల దొరికిందన్నది ఎక్కడా రాసిపెట్టరు. వజ్రం ఖనిజ సంపద, దాని లెక్క వేరు. అయితే భయపెడితే ఏం జరుగుతుందో చూడటానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు. శిలాజానికి విలువ తెచ్చేదే అది ఏ పొరలో, ఎక్కడ ఉందన్న వివరం. భయంతో దాచిన శిలాజం షోకేసులో బొమ్మగా మిగులుతుంది.

ఆ ముసాయిదా చట్టరూపం దాల్చలేదు గనుక సరిదిద్దే అవకాశం ఇంకా ఉంది. నోటిఫై చేసిన ప్రదేశాలు, అభయారణ్యాలు మినహా మిగతా ప్రభుత్వ భూముల్లో, వాగుల్లో నేలపై విడిగా పడి ఉన్న మామూలు రాళ్లు, స్ఫటికాలు, గవ్వలు, ఆకు శిలాజాలను సొంతానికి, పరిమితంగా ఏరుకోవడం నేరం కాదని అందులో స్పష్టంగా రాయాలి. ఎముక, పన్ను, గుడ్డు కనబడితే కదల్చకుండా ఫొటో తీసి తెలియజేయాలన్న నిబంధన పెట్టాలి. తెలియజేసినవారి మీద కేసు ఉండదన్న భరోసా, కనుగొన్నవారిగా వారి పేరు రికార్డుల్లోకి ఎక్కే హక్కు దానితోపాటే ఇవ్వాలి. అటవీ చట్టంలోనూ ఆ మేరకు మినహాయింపు రావాలి.

కొంత పని తెలుగు రాష్ట్రాలు ఢిల్లీ వైపు చూడకుండానే చేయవచ్చు. జిల్లాల్లో గనులు, భూగర్భ శాఖ కార్యాలయాలు ఉన్నాయి. సీనరేజి (తవ్విన ఖనిజంపై కట్టే రుసుము) వసూళ్లకే పరిమితం కాకుండా అక్కడ ఒక రిజిస్టరు తెరిచి, దొరికినదేమిటో చూసి చెప్పే బాధ్యత దగ్గరలోని కాలేజీ జియాలజీ విభాగానికి అప్పగించాలి. క్వారీ లీజులు ఇచ్చేటప్పుడు, తవ్వకంలో బయటపడినవి చూసేందుకు విద్యార్థులను, ఔత్సాహికులను నెలకో రోజు రానివ్వాలన్న షరతు చేర్చాలి. గోదావరి లోయలోని యామన్‌పల్లిలో దొరికిన కోటసారస్ అనే రాక్షస బల్లి అస్థిపంజరాన్ని పిల్లలు హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌కు వెళ్లి చూస్తున్నారు. యామన్‌పల్లి పిల్లలకు తమ చేల గట్లు వెతికి చూసే హక్కు కూడా ఉండాలి. బిల్లును పార్లమెంటుకు తెచ్చే ముందు గనుల శాఖ ఔత్సాహికులను, బడి మాస్టార్లను పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాలి.