లక్షా డెబ్బై వేల ఊపిరి

ఈ దేశంలో గాలి ఇంకా ఊరికే దొరుకుతోంది. మనం బాగుపడకపోవడానికి అసలు కారణం అదేనని సంక్రాంతికి మా బామ్మర్ది బెంగళూరు నుంచి దిగేదాకా నాకు తెలియలేదు. ఇందుకూరుపేట దగ్గర మా అత్తగారి ఊళ్లో, నట్టింట్లో మంచం మీద కూర్చుని, పెళ్లికూతురి నగల పెట్టె తెరిచినంత జాగ్రత్తగా ఒక పెట్టె తెరిచాడు. లోపల రెండు లోహపు ముద్దలు, మధ్యలో ఒక రబ్బరు గొట్టం. "రెగ్యులేటర్ బావా, లక్షా డెబ్బై వేలు" అన్నాడు. వంటింట్లోంచి మా అత్తగారు "మొన్ననే గదా అబ్బయా గ్యాసుకు కొత్తది తెచ్చుకున్నాం, రెండొందల యాభై డిపాజిట్టు కట్టి" అన్నారు.

వాడు తెచ్చింది సిలిండర్ వీపున కట్టుకుని సముద్రంలో మునిగేవాళ్లు నోట్లో పెట్టుకుని గాలి పీల్చుకునే రెగ్యులేటరు. వాడు తల పట్టుకున్నాడు గానీ, చరిత్ర మా అత్తగారి పక్షానే ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌ను జర్మన్లు ఆక్రమించాక పెట్రోలుకు కటకట వచ్చింది, అప్పుడు ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరు కార్లను గ్యాసుతో నడపడానికి ఒక చిన్న వాల్వు తయారుచేశాడు. ఇంజన్‌కు ఎంత కావాలో అంతే గ్యాసు వదులుతుంది. జాక్ కూస్తో అనే నేవీ ఆఫీసరు దాన్ని చూసి, ఇంజన్ బదులు మనిషిని తగిలిస్తే ఎలా ఉంటుందని ఆలోచించాడు. 1943 నాటికి ఇద్దరూ కలిసి దాన్ని నీళ్లలోకి దించేశారు. అంటే ఇది పుట్టుకతోనే గ్యాసు రెగ్యులేటరు, తర్వాత చదువుకుని పైకొచ్చింది.

చేసే పని కూడా అదే. వీపు మీది సిలిండర్లో గాలి 200 బార్ల ఒత్తిడితో, అంటే మన చుట్టూ ఉండే గాలి ఒత్తిడికి దాదాపు రెండొందల రెట్లతో ఉంటుంది, నేరుగా నోట్లోకి వస్తే ఊపిరితిత్తులు మిగలవు. అందుకని సిలిండర్ మూతి దగ్గర ఉండే ఫస్ట్ స్టేజ్ దాన్ని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే ఓ పది బార్ల ఎక్కువకు దించుతుంది, నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్ సరిగ్గా నీటి ఒత్తిడికే దించి, మనం పీల్చినప్పుడు మాత్రమే ఇస్తుంది. ఒక రబ్బరు పొర, ఒక స్ప్రింగు, ఒక మీట. పీలిస్తే పొర లోపలికి వంగుతుంది, మీట నొక్కుకుంటుంది, గాలి వస్తుంది. అంతే. ఇందులో ఎక్కడా లక్షా డెబ్బై వేలు కనపడలేదు కాబట్టి నేను అడిగాను.

"టైటానియం బావా" అన్నాడు. మామూలు వాటిని ఇత్తడితో చేసి పైన క్రోమ్ పూత వేస్తారట, అది బరువట. టైటానియం తేలిక, తుప్పు పట్టదు. బాగానే ఉంది. కానీ నీళ్లలోకి దిగేవాడు తేలిపోకుండా నడుముకు సీసం దిమ్మలు కట్టుకుంటాడని అంతకుముందు రోజే వాడే చెప్పాడు. అంటే పైన గ్రాములు తగ్గించుకోవడానికి వేలు పోసి, కింద మునగడానికి కిలోల లెక్కన సీసం తగిలించుకోవడం. దీన్నే ఇంజనీరింగ్ అంటారు. నేను ఇదే మాట వాడితో అంటే "విమానంలో లగేజీ బరువు తగ్గుతుంది గదా" అన్నాడు, అక్కడ మాత్రం నేను ఓడిపోయాను.

తర్వాత చల్లటి నీళ్ల రక్షణ. 10 డిగ్రీల కంటే చల్లటి నీళ్లలో ఫస్ట్ స్టేజ్ లోపల మంచు కట్టి, వాల్వు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే ఉండిపోయే ప్రమాదం ఉంది, అందుకని లోపలికి నీళ్లు చేరకుండా సీలు చేస్తారు. నార్వేలో మునిగేవాడికి ఇది ప్రాణం నిలబెట్టే విషయం, ఎగతాళి కాదు. మన మైపాడు సముద్రం పుష్యమాసంలో కూడా స్నానానికి కాచిన నీళ్లలాగే ఉంటుంది. అయినా ముందు జాగ్రత్త మంచిదే, రేపు బంగాళాఖాతం గడ్డకడితే నేను పోతాను గానీ మా బామ్మర్ది పోడు.

నాకు బాగా నచ్చింది మాత్రం పక్కన ఉన్న గుబ్బ. దాన్ని ఒకవైపు తిప్పితే గాలి తేలిగ్గా వస్తుంది, ఇంకోవైపు తిప్పితే కష్టంగా వస్తుంది. చవకరకంలో చాలావాటికి ఈ గుబ్బ ఉండదు, వాటితో ఒకేలా పీల్చుకోవాలి పాపం. ప్రవాహం ఎదురు కొట్టినప్పుడు గాలి వృథాగా పోకుండా ఇది పనికొస్తుందట, సరే. కానీ డబ్బు పెట్టి మరీ ఊపిరాడకుండా చేసుకునే సౌకర్యం కొనుక్కోవచ్చని నేను ఇప్పటిదాకా ఇంటి లోన్ విషయంలోనే చూశాను. మన నెల్లూరు హోటళ్లవాళ్లు ఇది చూసి నేర్చుకోవాలి. అదే చేపల పులుసు, అదే మామిడికాయ ముక్క, గిన్నె మాత్రం టైటానియంది, అంచున పులుపు సర్దుకునే గుబ్బ ఒకటి. రేటు పదింతలు. తిన్నవాడు బాగాలేదని అనడు, అంత పోశాక ఎలా అంటాడు?

పీల్చడానికి పడే శ్రమకు లెక్క కూడా ఉంది. యూరప్ వాళ్ల ఈఎన్ 250 ప్రమాణం ప్రకారం 50 మీటర్ల లోతు ఒత్తిడిలో పరీక్షిస్తే ఆ శ్రమ లీటరు గాలికి 3 జౌల్స్ (శక్తిని కొలిచే ప్రమాణం) దాటకూడదు. చవకదైనా ఖరీదైనదైనా అక్కడ అమ్మాలంటే ఈ పరీక్ష గట్టెక్కాల్సిందే. మా వాడికి మునగడానికి ఇచ్చిన సర్టిఫికెట్టు 18 మీటర్ల లోతు వరకే. సిలిండర్ ఖాళీ అవుతున్నా పీల్చడం బరువెక్కకుండా చూసే బ్యాలెన్స్‌డ్ రకం మాత్రం నిజంగా డబ్బు పెట్టదగ్గది, అది నేనూ ఒప్పుకుంటాను, కాకపోతే అది మధ్యరకం ధరలోనే దొరుకుతుంది. ఆ పైన కట్టేదంతా పెట్టె తెరిచినప్పుడు చూసేవాళ్ల మొహాల కోసం. ఇక ఏటా సర్వీసు. మొత్తం విప్పి, రబ్బరు రింగులు మార్చి, మళ్లీ బిగిస్తారు. ఒక్క ఏడాది తప్పితే వారంటీ పోతుందట. మా మామగారి గుండెకు కూడా ఇంత క్రమంగా చెకప్ జరగలేదు.

ఇంతకీ సిలిండర్ ఏదని అడిగితే, అది అక్కడే అద్దెకు ఇస్తారన్నాడు. అక్కడ అంటే అండమాన్‌లోనో పుదుచ్చేరిలోనో. కాబట్టి పండగ మూడు రోజులూ రెగ్యులేటరు మంచం మీదే ఉంది. కనుమ నాడు మా అత్తగారు దానికి కూడా బొట్టు పెట్టారు.

మర్నాడు పొలం బావిలో మోటారు తాడు తెగి అడుక్కు పోయింది. పక్క ఊరి నుంచి ఒకాయన్ని పిలిపించారు. యాభై దాటి ఉంటాయి, బక్క మనిషి. బీడీ ఆర్పి చెవి మీద పెట్టుకోబోయి, తడుస్తుందని గుర్తొచ్చి నా చేతికిచ్చి, మోకు కొస నడుముకు చుట్టుకుని దిగాడు. మేం గట్టు మీద నిలబడి లెక్కపెడుతున్నాం. నేను నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాను, భయమేసింది. పైకొచ్చి, గాలి పీల్చుకుని, "బురదలో కూరకపోయింది సామీ" అని మళ్లీ మునిగాడు. మూడోసారికి మోటారుకు ముడి పడింది, అందరం కలిసి లాగాం.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని టీ తాగుతూ, కిటికీలోంచి మంచం మీద బొట్టుతో ఉన్నదాన్ని చూసి "అదేంది సామీ, గ్యాసుదా?" అని అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు. ఎంత ఇమ్మంటావంటే ఎనిమిది వందలు అన్నాడు.

"ఎనిమిది వందలా! మూడు మునకలకి?" అన్నాడు మా బామ్మర్ది. "ఐదొందలు తీసుకో."