కీటకాహార మొక్కలకు వాననీరు పట్టి దాచుకోండి

మా నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కీటకాహార మొక్కలను ఇంట్లో లైట్ల కింద పెంచేవాళ్లు ఇటీవల కనిపిస్తున్నారు. మొక్క దిగులుగా కనబడితే చాలామంది లైటు చాలలేదనో, ఈగలు దొరకలేదనో అనుకుంటున్నారు. నా అభిప్రాయంలో ముందుగా అనుమానించవలసింది కుండీ కింది పళ్లెంలో పోసిన నీళ్లను.

ఆకులు టక్కున మూసి పురుగును పట్టే వీనస్ ఫ్లైట్రాప్ అమెరికాలోని ఉత్తర, దక్షిణ కరోలినా రాష్ట్రాల తడి నేలల మొక్క. ఆకుల మీది జిగురుతో పురుగులను పట్టే డ్రాసిరా ఇండికా, డ్రాసిరా బర్మానీ అనే రెండు చిన్న మొక్కలు మన రాష్ట్రంలోనే సహజంగా పెరుగుతాయి. ఇవన్నీ పోషకాలు దాదాపు లేని నేలలకు అలవాటుపడి, తమకు కావలసిన నత్రజనిని, భాస్వరాన్ని పురుగుల నుంచి తీసుకోవడం నేర్చుకున్నాయి. అందువల్ల వాటి వేళ్లు లవణాలను ఎక్కువగా తట్టుకోలేవు. కుండీలో ఎర్రమట్టి, పశువుల ఎరువు వేయకుండా పీట్ మాస్ (చిత్తడి నేలల్లో పాతబడిన నాచు), పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళ్లు) కలిపి వాడేది కూడా ఇందుకే. అంత జాగ్రత్తగా కుండీ సిద్ధం చేసి, దాని కింద బోరు నీళ్లు పోస్తే ఆ శ్రమంతా వృథా అవుతుంది.

ఈ మొక్కలు పెంచేవాళ్లు సాధారణంగా టీడీఎస్ (లీటరు నీటిలో కరిగి ఉన్న లవణాలు, మిల్లీగ్రాముల్లో) 50 లోపు ఉన్న నీళ్లు వాడతారు, 100 దాటితే పక్కన పెడతారు. మనుషులు తాగే నీటికి భారతీయ ప్రమాణం ప్రకారం 500 వరకు మంచిదే. వేరే ఆధారం లేనిచోట 2000 వరకు అనుమతి ఉంది. అంటే మనకు ఏ ఇబ్బందీ కలిగించని నీళ్లే ఈ మొక్కను చంపగలవు. ఇక కనిగిరి, పొదిలి వైపు భూగర్భజలంలో ఫ్లోరైడ్ సమస్య అందరికీ తెలిసిందే. తీరప్రాంతపు ఊళ్లలో చాలాచోట్ల బోరు వేస్తే ఉప్పునీరే పడుతుంది. ఈ నీళ్లను కాచి చల్లార్చినా ప్రయోజనం లేదు. కొంత సున్నం అడుగున పేరుకున్నా, నీరు ఆవిరై మిగతా లవణాలు అలాగే ఉంటాయి కాబట్టి వాటి సాంద్రత ఇంకా పెరుగుతుంది. గుడ్డలో వడకట్టినా, క్యాండిల్ ఫిల్టరులో పోసినా కరిగి ఉన్న ఉప్పు పోదు. సాఫ్ట్‌నర్ యంత్రం కాల్షియాన్ని తీసి ఆ స్థానంలో సోడియాన్ని పెడుతుంది కనుక అదీ పనికిరాదు.

ఇంత ముఖ్యమైన సంగతిని ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లలో కొందరు కనీసం ప్రస్తావించరు. "మట్టి ఎప్పుడూ తడిగా ఉంచండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటారు. కొనేది ఎక్కువగా ఇంటర్ చదివే పిల్లలు. ఆ ముక్క నమ్మి పొద్దునా సాయంత్రం కుళాయి నీళ్లు పోసి, మొక్క నల్లబడితే తమ చేతికి మొక్కలు అచ్చిరావని బాధపడతారు. ఇది నాకు చాలా అన్యాయంగా తోస్తుంది.

లైట్ల కింద పెంచేటప్పుడు ఇంకొక చిక్కు ఉంది. రోజుకు 12 నుంచి 16 గంటల వెలుతురు, గాలి ఆడటానికి పెట్టిన చిన్న ఫ్యాను, పైగా మే నెల ఎండలు, ఇవన్నీ కలిసి పళ్లెంలోని నీటిని వేగంగా ఆవిరి చేస్తాయి. మనం తరిగిన మేరకు మళ్లీ పోస్తూ ఉంటాం. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు ఎక్కడికీ పోదు. టీడీఎస్ 100 ఉన్న నీళ్లు పది లీటర్లు పోస్తే, ఒక గ్రాము లవణం ఆ పళ్లెంలోనూ కుండీల్లోనూ చేరినట్టే. బయట పెరిగే మొక్కకు అప్పుడప్పుడూ పెద్ద వాన కురిసి కుండీని కడిగేస్తుంది. గదిలోని మొక్కకు ఆ అదృష్టం లేదు. కాబట్టి సీసాలోని నీటిని కొలిచి తృప్తిపడకుండా, పళ్లెంలో మిగిలిన నీటిని కొలవాలి. కుండీ అంచున, పీట్ ఎండిన చోట తెల్లటి పొర కనిపిస్తుందేమో చూడాలి. డ్రాసిరా అయితే ఆకు మీది ఎర్రటి నూగు చివర్లలో మెరిసే జిగురు చుక్కలు తగ్గిపోవడం తొలి హెచ్చరిక కావచ్చు. అలా కనబడితే కుండీ పైనుంచి శుభ్రమైన నీరు ధారాళంగా పోసి, కిందికి కారినదంతా పారబోయాలి.

పళ్లెంలో ఒకటి రెండు సెంటీమీటర్ల నీరు చాలు. వారానికొకసారి పూర్తిగా ఒంపి, తుడిచి మళ్లీ నింపితే లవణాలూ పేరుకోవు, దోమలూ పెరగవు. డెంగీ జ్వరాల కాలంలో ఇది చిన్న విషయం కాదు. కూజా ఆకారపు ఆకులుండే నెపెంథిస్‌ను మాత్రం నీళ్లలో నిలబెట్టకూడదు, పైనుంచి పోసి కారనివ్వాలి. జిగురు ఆకుల మెక్సికో పింగ్విక్యులాలకు ఏడాదిలో కొంతకాలం తడి బాగా తగ్గించాలి.

ఇంట్లో ఆర్వో ఉంటే చాలదా అని అడుగుతారు. శుద్ధి చేసిన నీటికి మళ్లీ లవణాలు కలిపే మినరల్ కార్ట్రిడ్జ్ ఉన్నవి, రుచి కోసం కొంత మామూలు నీటిని కలిపేవి ఉంటాయి కనుక టీడీఎస్ మీటరు పెట్టి చూడకుండా నమ్మకూడదు. క్యాను నీళ్లు ప్లాంటుకొక తీరుగా ఉంటాయి. అదీకాక ఆర్వో ఒక లీటరు ఇవ్వడానికి అంతకన్నా ఎక్కువ నీటిని వదిలేస్తుంది. తాగునీళ్లను క్యాన్లలో కొనుక్కునే ఊళ్లలో అలంకారపు మొక్కల కోసం ఆ పని చేయడం నా మనసుకు ఒప్పదు.

మనకు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలున్నాయి. మిద్దె మీద రెండు చదరపు మీటర్ల టార్పాలిన్ శుభ్రంగా కట్టుకుంటే 100 మిల్లీమీటర్ల వానకు 200 లీటర్ల డ్రమ్ము దాదాపు నిండుతుంది. వాయుగుండం పట్టినప్పుడు ఆ మాత్రం వాన రెండు మూడు రోజుల్లోనే పడవచ్చు. రోజుకు అర లీటరు చొప్పున వాడితే అది ఏడాది దాటి వస్తుంది. తొలి జల్లు దుమ్ముతో ఉంటుంది, దానిని వదిలేయండి. సిమెంటు మిద్దె నుంచి గొట్టం ద్వారా దిగిన నీటిలో సున్నం కరిగి ఉండవచ్చు, అందుకే టార్పాలిన్ మంచిది. డ్రమ్ము ప్లాస్టిక్‌దై, గట్టి మూత ఉండి, వెలుతురు తగలని మూల ఉంటే పాచి పట్టదు. టార్పాలిన్ తాళ్లు సెప్టెంబరులోనే కట్టి ఉంచండి, ఎందుకంటే తుపాను గాలి మొదలయ్యాక మిద్దె ఎక్కడం ప్రమాదం.