రూపాయి బిళ్ళకు పదిహేను మార్కులు

మన నర్సింగ్ విద్యార్థులకు అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బు గురించి ఏమీ తెలియదనేది గిట్టనివాళ్ళ మాట. ఏ అమ్మాయిని నిద్రలో లేపి అడిగినా గడగడా అప్పజెబుతుంది: 1906లో జర్మనీ డాక్టర్ అలోయిస్ అల్జీమర్ వివరించారు, రోగి పేరు ఆగస్టె డేటర్, మెదడులో అమిలాయిడ్ అనే ప్రొటీన్ ముద్దలు, టౌ అనే ప్రొటీన్ చిక్కులు, మాత్ర డొనెపెజిల్. ఐదు మార్కుల ప్రశ్న, ఐదు ముక్కల జవాబు. ఇంకేం కావాలి?

నమ్మకపోతే కొలిచి చూసుకోవచ్చు. 2009లో అమెరికాలో ఇందుకోసమే ఒక ప్రశ్నపత్రం తయారైంది. 30 వాక్యాలు, ఒక్కోదానికి ఒప్పో తప్పో చెప్పాలి. బొమ్మా బొరుసా వేసుకుంటూ పోయినా సగటున 15 వస్తాయి. ఆ లెక్కన నా జేబులో రూపాయి బిళ్ళ సగం నర్సు. దాన్ని డ్యూటీకి ఎందుకు పిలవడం లేదో నాకు అర్థం కాదు.

మా మేనత్తకు తోడుగా ఎముకల వార్డులో ఉన్నప్పుడు ఈ విద్య పనితనం దగ్గరుండి చూశాను. పక్క మంచం మామ్మకు తుంటి విరిగింది. కేస్ షీట్ నిండా తుంటి సంగతే, మతి సంగతి ఒక్క ముక్క లేదు. "పెద్దతనం కదండీ, చాదస్తం" అంది కూతురు. ఇది వయసుతో వచ్చే మామూలు మతిమరుపు కాదు, జబ్బు అని పరీక్షలో రాసొచ్చిన నర్సింగ్ అమ్మాయే దానికి బుద్ధిగా తలూపింది.

సాయంత్రం ఐదయ్యేసరికి మామ్మ సెలైన్ సూది పీక్కుని, గేదెకు పాలు తియ్యాలని లేవబోయింది. పొద్దువాలితే ఇలా కలవరపడతారని పుస్తకంలో ఉంది, దానికి పేరూ ఉంది. "మామ్మా, ఇది హాస్పిటల్. ఇవాళ మంగళవారం. గేదె లేదు" అంది అమ్మాయి. మూడూ నిజాలే. మామ్మ ఏడుపు లంకించుకుంది.

నేల తుడుస్తున్న ఆయమ్మ చీపురు గోడకానించి వచ్చింది. "దూడని ఇప్పుడే వదిలానమ్మా, తాగుతోంది. కాసేపాగి తీద్దాం" అంది. మామ్మ సర్దుకుని పడుకుంది. చెప్పింది పచ్చి అబద్ధం కనక ఆయమ్మకు సున్నా. రూపాయి బిళ్ళకు పదిహేను.

ఏడింటికి మామ్మ మళ్ళీ లేచింది. అమ్మాయి అటూ ఇటూ చూసి, మంచం అంచున కూర్చుని, "గేదె పేరేంటి మామ్మా?" అని మెల్లగా అడిగింది. తర్వాత ఆ సంగతి లాగ్‌బుక్‌లో ఎక్కడ రాయాలో తెలీక చాలాసేపు పేజీలు తిరగేసింది. దానికి గడి లేదు.